ఓడినవాళ్ళను స్టేజీ ఎక్కించిన మావయ్య

మావయ్య పోయారని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నాను. పొద్దున గడ్డం గీసుకోవడానికి కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారట. "ఆస్పత్రికి తీసుకెళ్ళే పని కూడా పెట్టలేదమ్మా" అంది. సరే అన్నాను. కట్టలో ఇంకా ఆరు పేపర్లున్నాయి. అవి దిద్ది, మార్కులు కూడి, సంతకం పెట్టి, అప్పుడు లేచి ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు.

మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. పేరు తెలిసి ఉండదు. సినిమా పెళ్ళిళ్ళలో రెండోసారి గారెలు వడ్డించలేదని అలిగే చుట్టం, బస్సు కదిలాక దాని వెనక పరిగెత్తే లావాటి మనిషి, ఆయనే. మా అమ్మకు అన్న. థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు ఉద్యోగం చేసేవారు. వేషం దొరికితే తోటివాళ్ళను బతిమాలి షిఫ్టు మార్చుకుని హైదరాబాదు రైలెక్కేవారు.

ఇంట్లో జోకులు వేసేవారు కాదు. "డ్యూటీ దిగాను కదమ్మా" అనేవారు. పకోడీ పొట్లం విప్పితే ముందు ఆ కాగితం చదివేవారు. సగంలో చిరిగిపోయిన వార్తకు మిగతా సగం ఏమై ఉంటుందో నన్ను చెప్పమనేవారు. ఎవరితోనూ మాట్లాడని నేను ఆయనతో మాట్లాడింది అలాగే.

ఎనిమిదో తరగతిలో మా కాన్వెంటులో వక్తృత్వ పోటీ జరిగింది. మొదటి బహుమతి నాకే వస్తుందని మా క్లాసు సిస్టర్ అనడంతో, బహుమతి తీసుకుని చెప్పాల్సిన కృతజ్ఞతలు ఇంగ్లీషులో రాసి గౌను జేబులో పెట్టుకున్నాను. బహుమతి ఇంకో అమ్మాయికి వెళ్ళింది. ఆ రోజు మావయ్య స్కూటరు మీద నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. దారిలో కాలవ గట్టున పునుగుల బండి దగ్గర ఆపారు.

"జేబులో ఏంటే కోడలు పిల్లా, అస్తమానం తడుముకుంటున్నావ్?"

"ఏం లేదు."

"గెలిస్తే చదువుదామనుకున్నావా? అయితే చదువు."

"ఇక్కడా?"

"ఇక్కడ నీకంటే బాగా మాట్లాడినవాళ్ళెవరూ లేరుగా."

చదివాను. పునుగులు వేస్తున్నావిడ గరిటె ఆపి, "ఏమంటందండీ పాప?" అని అడిగింది. "మీకు థాంక్స్ చెబుతోందండీ" అన్నారు మావయ్య. "నాకెందుకూ, ఇంకా పెట్టందే!" అందావిడ. మావయ్య చప్పట్లు కొట్టారు. స్కూటరు ఎక్కాక అన్నారు: "ఓడినవాళ్ళ కాగితాలే బాగుంటాయే. గెలిచినవాడు కంగారులో కాగితం మర్చిపోయి, అమ్మకీ నాన్నకీ దణ్ణం పెట్టి దిగిపోతాడు."

మూడేళ్ళ కిందట విజయవాడలో ఒక సినిమా అవార్డుల ఫంక్షన్ పెట్టారు. హైదరాబాదు నుంచి రావాల్సిన యాంకర్ రానంటే, ఊళ్ళోనే ఉన్నాడు కదా అని మావయ్యను అడిగారు. జోకులు రాసిపెట్టమని ఆయన నన్ను అడిగారు. రాశాను. చదివి, "ఇవి వింటే జనం లేచి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారే" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది.

"అయితే ఓడినవాళ్ళను పిలిచి చదివించు. ఆ రోజు నాచేత చదివించావుగా" అన్నాను.

మావయ్య నవ్వలేదు. నా కాగితం తిరగేసి, వెనకవైపు ఏదో రాసుకున్నారు.

ఆ సాయంత్రం మొదటి అవార్డు డబ్బింగ్ కళాకారిణికి. గెలిచినావిడ దణ్ణాలు పెట్టి దిగిపోయారు. అప్పుడు మావయ్య, "ఒక్క నిమిషమండీ. పోటీలో ఉన్న మిగతా ఇద్దరూ కూడా పైకి రండి. రాసుకొచ్చిన కాగితాలు మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళడం దేనికి?" అన్నారు. హాలంతా నవ్వింది. ఒకావిడ నిజంగానే హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసింది.

"ఇరవై ఏళ్ళుగా హీరోయిన్ల ఏడుపులన్నీ నేనే ఏడ్చాను. పోటీలో నా పేరుందని మా ఆయనకు చెప్పలేదు. రాకపోతే నవ్వుతారని" అని చదివి ఆగిపోయింది.

"ఇప్పుడు టీవీలో చూస్తూ ఉంటారమ్మా. చెయ్యి ఊపండి" అన్నారు మావయ్య.

ఆవిడ ఊపింది. ఈసారి హాలు నవ్వలేదు. లేచి నిలబడింది.

ఆ తర్వాత ప్రతి అవార్డుకీ అదే వరస. నిర్వాహకుడు తెర పక్కన నిలబడి చేతి గడియారం చూపిస్తూనే ఉన్నాడు. ముందు వరసలో పెద్ద హీరోగారు కాలు ఊపుతున్నారు.

హాస్యనటుడి అవార్డు వంతు వచ్చింది. నాలుగు పేర్లు. మూడోది మావయ్యది. తన పేరును తనే మిగతావాటిలాగే చదివి, కవరు చింపి, ఒక కుర్రనటుడి పేరు పిలిచి, వాటేసుకుని బహుమతి ఇప్పించారు. తర్వాత ఓడిన ఇద్దరినీ పిలిచారు. వాళ్ళు చదివారు. జనం పడీపడీ నవ్వారు. "తర్వాతి అవార్డు..." అన్నారు మావయ్య.

ఓడింది ఇద్దరు కాదు, ముగ్గురు. నేను నాలుగో వరసలో ఉన్నాను. లేచి, "మావయ్యా, మరి నువ్వు?" అంటే చాలు. హాలంతా అందుకునేది. లేవలేదు. ఒళ్ళో ఉన్న చున్నీ అంచు చూస్తూ కూర్చున్నాను. తల ఎత్తేసరికి ఆయన మా వరస వైపు చూస్తున్నారు. నన్నే చూశారో, లైట్ల వెలుగులో ఎవరినీ చూడలేదో.

పెద్ద హీరోగారు తన అవార్డు రాకముందే ఫ్లైటుకి టైమైందని గన్నవరం వెళ్ళిపోయారు. ఫంక్షన్ పాడుచేశాడన్న మాట మావయ్య మీద పడింది. మళ్ళీ ఎవరూ యాంకరింగుకి పిలవలేదు. వేషాలు కూడా తగ్గి, ఆగిపోయాయి. "నా పేరు వాళ్ళకి ఇప్పుడే తెలిసిందే. వద్దనడానికైనా పేరు తెలియాలిగా" అనేవారు. సలహా నాదేనని ఆయనా ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆ రోజు నువ్వూ ఏమైనా రాసుకున్నావా అని అడగాలనుకునేదాన్ని. పొట్లం కాగితం చదివి వచ్చేసేదాన్ని.

పదకొండో రోజు అయ్యాక, అత్తయ్య ఆయన చొక్కాలు ఎవరికైనా ఇవ్వడానికి మడతపెడుతుంటే అడిగాను.

"రాసుకోలేదమ్మా, బట్టీ పట్టారు. వారం రోజులు స్నానాల గదిలో, కుళాయి కట్టేసి మరీ చెప్పుకున్నారు. బయటికి వినపడుతుందని తెలీదు పాపం" అంది.

"ఏం చెప్పేవారు?"

"మొత్తం వచ్చు నాకు. కూర్చో."

చొక్కా మడతపెడుతూనే మొదలుపెట్టింది. గొంతు అత్తయ్యదే. ఎక్కడ లాగాలో, ఎక్కడ తగ్గించాలో ఆ లెక్క మాత్రం మావయ్యది. "అందరికీ నమస్కారం. ముందుగా, నేను షూటింగులకి పోయినప్పుడల్లా నా షిఫ్టు చేసిపెట్టిన ముగ్గురు మిత్రులకి. వాళ్ళు నా సినిమా ఒక్కటీ చూడలేదు. డ్యూటీలో ఉన్నారు."

అక్కడ ఆగింది. జనం నవ్వడానికి ఆయన వదిలిన చోటు అది. చొక్కా చేతుల్లో అలాగే ఉంది. ఇద్దరమూ నవ్వలేదు. హాలంతా నవ్వి సద్దుమణగడానికి ఎంత పడుతుందని ఆయన అనుకున్నారో అంతసేపూ ఆగి, అత్తయ్య తర్వాతి వాక్యం అందుకుంది.