ఆకుల మీద కాపురం

మా తోటికోడలు సరస్సు గట్టున కూర్చుని వలలు బాగుచేసేది. చేతిలో సూది ఆడుతున్నా చూపు మాత్రం నీళ్ల మీదే ఉండేది. ఇంటెడు చాకిరీలో దానికున్న సుఖం అదొక్కటే. అవతలి గట్టు కనపడనంత సరస్సు, ఇవతల గుబురుగా తామరాకులు. ఆ ఆకుల మీద నడిచే పొడుగు వేళ్ల పిట్టల్లో ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. పొదిగేది మగదే, పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకు తిరిగేదీ మగదే.

ఒకనాడు మా మరిదికి అన్నం వడ్డిస్తూ అంది, "ఆ పిట్టని చూసైనా నేర్చుకోవయ్యా. నలుగురిని కన్నావు, ఒక్కర్నైనా ఎత్తుకున్నావా?"

"అయితే పోయి దాన్నే కట్టుకో" అన్నాడు.

"కట్టుకుంటే నీకు వండేదెవరయ్యా?" అన్నాను నేను. పిల్లలు కూడా నవ్వారు.

అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మా మరిది పెళ్లాం మీద కోపం పిట్ట మీద తీర్చుకున్నాడు. తెల్లారేసరికి పడవకి అడ్డమని వంక పెట్టి, తామరంతా కోసి ఒడ్డున పోశాడు. గుడ్లు నీళ్లపాలయ్యాయి. వాలడానికి ఆకు లేక మగపిట్ట మధ్యాహ్నం దాకా అరుస్తూ తిరిగింది.

మా తోటికోడలు గట్టు మీది పీటని మా ఇంటి గోడవైపు తిప్పుకుని వల ఒళ్లోకి లాక్కుంది.

"ఇటు తిరగవే, గాలన్నా తగులుతుంది" అన్నాను.

"గోడనైతే ఎవరూ కోసుకుపోరక్కా."

బతికినన్నాళ్లూ అటే కూర్చుంది. "ఇన్నాళ్లకి దీని ధ్యాస పనిమీదికొచ్చింది" అని మా మరిది నలుగురిలో మెచ్చుకునేవాడు.