గజ్జల్లో లేచిన బిళ్ళ

తొంభైల చివర మేము పెనుకొండలో ఉండేవాళ్ళం. గొర్రెలదొడ్డి ఊడుస్తూ నా భార్య కంపముల్లు తొక్కింది. పీకి పారేసి, పసుపు అద్దుకుని మరిచిపోయింది. మూడోనాటికి మడమ కాస్త ఎర్రబడింది, అంతే. గజ్జల్లో మాత్రం నిమ్మకాయంత బిళ్ళ లేచింది, జ్వరమూ వచ్చింది. మడమ ఎక్కడ, గజ్జ ఎక్కడ?

కబురందుకుని మా అత్త ధర్మవరం నుంచి వచ్చింది. మిట్టమధ్యాహ్నం పసుపుకొమ్ము కాల్చింది. బిళ్ళ లేస్తే దానిమీద వాత పెట్టడం మావైపు రివాజు.

"ఏమప్పా అల్లుడా, కాళ్ళు గట్టిగా పట్టుకో."

"పట్టుకోను."

"పండుకున్న దానికి లేని వణుకు నీకేమప్పా?"

వణికింది నిజమే. మా నాయనకు ఇట్లాగే బిళ్ళ లేస్తే కాళ్ళు పట్టుకున్నది నేనే. బిళ్ళను కాల్చాము. కింద పాదం కుళ్ళుతోందని చూడలేదు. వారం తిరక్కుండా పోయాడు. ఆనాడు చుట్టూ చదువుకున్నవాళ్ళు నలుగురున్నారు, ఒక్కడూ నోరు విప్పలేదు. వాళ్ళ చదువులు తగలెయ్య!

నాది ఐదో తరగతి. మిగతాదంతా హిందూపురం బస్టాండు దగ్గర కొన్న పాత పుస్తకాల చదువు. బిళ్ళ రోగం కాదని అందులోనే తెలిసింది. పుండు నుంచి వచ్చిన క్రిమి ముక్కను ఆ బిళ్ళలోపల, ఒంటికి కావలి కాసే బి కణం పట్టుకుని, పైకి చూపిస్తూ కాచుకుని ఉంటుందట. టి కణమని ఇంకో కావలిది వచ్చి తడిమి, ఇదేనని గుర్తుపట్టి సైగ చేయాలి. అప్పుడే ఆ బి కణం ఒకటి రెండై, రెండు నాలుగై, క్రిమికి విరుగుడు తయారుచేస్తుంది. వాటికి నోరు లేదు, చెవి లేదు, కన్ను లేదు. మన ఒంట్లోనే, మనకు తెలియకుండా. మా నాయన ఒంట్లో మేము కాల్చింది వీటినేనని అది చదివిన రోజే తెలిసింది.

బిళ్ళ మీద వేలు పెట్టాను. కాలిపోతోంది.

"లోపల ఎవురో గుమిగూడినట్టుండాది," అంది నా భార్య. "ఎవురయ్యా వాళ్ళు?"

"మనోళ్ళే. కాల్చగూడదు."

"మొగుడూ పెండ్లాలకు ఇద్దరికీ గాలి సోకినట్టుండాదే!" అంది అత్త.

పసుపుకొమ్ము మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించి, భార్యను ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు మడమ కోస్తే చీముతో పాటు సగం ముల్లు బయటపడింది. బిళ్ళను ఆయన ముట్టనేలేదు.

జ్వరం దిగింది. బిళ్ళ మాత్రం పదిరోజులుంది. రోజూ పొద్దున్నే తడుముకుని, "ఇంకా ఉండారయ్యా," అనేది. ఒకరోజు, "పొయినారు," అంది, మెల్లగా.

కొన్ని కణాలు ఎక్కడికీ పోవని, ఆ క్రిమిని గుర్తుపెట్టుకుని ఏళ్ళతరబడి లోపలే ఉండిపోతాయని కూడా పుస్తకంలో ఉంది. వింటే మళ్ళీ రోజూ తడుముకుంటుందని ఆ మాట ఆమెకు చెప్పలేదు.