ఎందుకని అడిగే చదువు

మా ఊళ్ళో మూత్రపిండాల జబ్బు అనరు. "వాడికి కిడ్నీ వచ్చిందట" అంటారు. పెళ్ళయి ఈ ఉద్దానం ఊరికి వచ్చిన కొత్తలో ఆ మాట నాకు వింతగా ఉండేది. నేను పెరిగింది టెక్కలిలో. ఇప్పుడు నేనూ అలాగే అంటున్నాను. మా మావగారికి కిడ్నీ వచ్చింది. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటారు. ఆయనకు తాగుడు లేదు, షుగర్ లేదు, జీడితోట తప్ప ఇంకో లోకం లేదు. ఎందుకొచ్చిందంటే ఎవరూ గట్టిగా చెప్పరు. నీళ్ళంటారు, పురుగుమందులంటారు, ఎండలో చాకిరీ అంటారు. నా కూతురికి నాలుగేళ్ళు. రోజూ పొద్దున్నే అది లేవగానే మొహం వాచిందేమోనని చూస్తాను. అది పెద్దయ్యేలోగానైనా ఎవరో ఒకరు ఈ 'ఎందుకు'ని కనిపెట్టాలి. నాకున్న ఆశ అదొక్కటే.

మా ఆడపడుచు ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో ఊరికి ఒక సర్వే బృందం వచ్చింది. కొత్తేమీ కాదు. రక్తం, మూత్రం, బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళేవాళ్ళు మాకు చుట్టాల్లాంటివాళ్ళు, వస్తూనే ఉంటారు. ఈసారి వచ్చిన వాళ్ళలో ఒకావిడకు మా యాస అందక, ఆ పిల్లని తోడు రమ్మంది. ఆవిడ ప్రశ్నల్లో "గతంలో మీ తాగునీటి వనరు ఏమిటి" అని ఉండేది. మా పిల్ల దాన్ని పక్కన పెట్టి, "అమ్మమ్మా, నువ్వు కాపరానికొచ్చిన్నాడు ఏ నుయ్యి నీళ్ళు తోడీదానివి?" అని అడిగేది. అప్పుడిక ముసలమ్మలు ఆగేవారు కాదు. ఏ నూతి నీళ్ళు తియ్యనివి, దాన్ని ఎవరు పూడ్పించారు, బోరు వేసిన ఏడాది ఎవరింట్లో పెళ్ళి జరిగింది, అన్నీ వచ్చేవి. సాయంత్రం ఇంటికొచ్చి నా పక్కన కూరగాయలు తరుగుతూ ఆ కబుర్లన్నీ చెప్పేది. ఒకే నూతి నీళ్ళు తాగిన అన్నదమ్ముల్లో ఒకడికే కిడ్నీ ఎందుకొచ్చిందన్నది ఆ పిల్లని పట్టుకుని వదల్లేదు.

వెళ్ళే ముందు ఆవిడ, "నువ్వు పబ్లిక్ హెల్త్ చదవాలి" అని చెప్పిందట. మనిషికి మందివ్వడం కాదట, ఊరికి జబ్బు ఎందుకొస్తోందో తెలుసుకునే చదువట.

"ఇంటింటికీ తిరగడానికి డిగ్రీ ఏటే?" అంది మా అత్త. "ఆశా వర్కర్ తిరగట్లేదా? సూది ఎయ్యదు, మందివ్వదు, ఏటి సదువది?"

"రోగం రాకుండా సూసే సదువమ్మా" అంది ఆడపడుచు.

"వొచ్చినోల్ల సంగతి ముందు సూడమను."

మావగారు మంచం మీంచి, "నానున్నాను కదే, నన్ను సూసుకోమను. ఎక్కడికీ ఎల్లక్కర్నేదు" అన్నారు. అందరం నవ్వాం.

బీఎస్సీ చదివినదాన్ని కనుక వెతికే పని నాకు పడింది. పాప నిద్రపోయాక ఫోను పట్టుకుని కూర్చునేదాన్ని. చాలాచోట్ల ఆ చదువు డాక్టరీ అయ్యాకో, ఏదో ఒక డిగ్రీ అయ్యాకో చేసేదిగా ఉంది. ఇంటర్ అవగానే చేరే డిగ్రీ కావాలంటే ఎక్కడో దూర రాష్ట్రాల్లో ఒకటీ రెండూ ప్రైవేటు యూనివర్సిటీలు కనిపించాయి. అవి మాకు అందేవి కావు. మా చుట్టుపక్కల కాలేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. జువాలజీ ఉంది, ఆక్వా ఉంది, కంప్యూటర్లు ఎన్ని రకాలు కావాలంటే అన్ని ఉన్నాయి. ఆ మాట ఎక్కడా లేదు.

విదేశాల్లో మాత్రం బోలెడు. గ్లోబల్ హెల్త్ అట. ఒక కాలేజీ వీడియోలో మా ఆడపడుచు వయసు పిల్లలే, వీపున సంచులతో, కొబ్బరిచెట్ల మధ్య ఏదో ఊళ్ళో నడుస్తున్నారు. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చేతిలోంచి రక్తం తీస్తుంటే నిలబడి చూస్తున్నారు. అది ఏ దేశమో తెలీదు. మందస రోడ్డులో ఏ ఊరైనా కావచ్చు. ఆ పిల్లలకు ఆ ఊరు ఒక సెమిస్టరు.

చివరికి టెక్కలిలో నేను చదివిన కాలేజీకే ఆ పిల్లని తీసుకెళ్ళాను. నాకు జువాలజీ చెప్పిన సారు గుర్తుపట్టి కూర్చోబెట్టారు.

"పబ్లిక్ హెల్తా? పేరు బాగుందమ్మా. మన దగ్గర లేదు. రేపు పెట్టినా చేరేదెవరు? చదివాక ఉద్యోగం ఏదంటారు. నువ్వడగవా?"

నేనూ అడుగుతాను.

"డయాలసిస్ టెక్నీషియన్ చెయ్యి తల్లీ," అన్నారాయన ఆ పిల్లవైపు తిరిగి. "పారామెడికల్‌లో సీట్లున్నాయి. మన ఏరియాలో ఆ కోర్సు చేసినోళ్ళు ఖాళీగా ఉండరు."

"ఎందుకుండరు సార్?"

"పేషెంట్లు తగ్గరు కదమ్మా" అన్నారు. ఆయన మంచి కోరే చెప్పారు.

తిరుగు బస్సెక్కి కూర్చున్నాం. ఆ పిల్ల, "వదినా, మన ఊళ్ళన్నీ బాగైపోతే ఆ కోర్సు చేసినోల్లకి ఉద్యోగాలు పోతాయి కదా" అంది. పక్క సీట్లో ఒళ్ళో ఎండుచేపల గంప పెట్టుకుని కూర్చున్న భావనపాడు ఆవిడ వింటున్నట్టుంది.

"అలాటి బెంగ ఏటీ పెట్టుకోకమ్మా," అంది. "మనోల్లు బాగవ్వరు."

ఆ కోర్సులోనే చేరింది. వద్దన్నవాళ్ళు లేరు. తెల్లకోటు అనగానే అత్త మెత్తబడింది. "మిషను కాడ మన గుంట ఉంటే సూది మెల్లగా గుచ్చుతాది" అని మావగారు కూతురి గురించి అందరికీ చెప్పుకున్నారు. చేరమని నేనూ అన్నాను. ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోబెడితే లేని కోర్సు పుట్టుకురాదు కదా.

ఇప్పుడు రెండో ఏడాది, ఆసుపత్రిలో ప్రాక్టికల్స్. మొదట్లో మంచాల పక్కన నిలబడి అందరినీ అడిగేదట, ఏ ఊరు, ఏ నీళ్ళు, తోటలో ఏ మందు కొట్టేవారు అని. గంటలకొద్దీ కదలకుండా పడుకునే వాళ్ళు కదా, ఎవరో ఒకరు పలకరిస్తే చాలు, చెప్పేవారట. సీనియర్ టెక్నీషియన్ పిలిచి, "బీపీ సూసి రాయమ్మా. కబుర్లు మనకేల?" అన్నాడట. అతన్నీ తప్పుపట్టలేం. ఒక షిఫ్టు వాళ్ళు లేచేసరికి తర్వాతి షిఫ్టు వాళ్ళు వరండాలో గోడకు ఆనుకుని ఎదురు చూస్తుంటారు.

మొన్న ఆదివారం ఇంటికొచ్చింది. పాపకీ తనకీ కలిపి అన్నం పెట్టాను. సూది ఒక్కసారికే పడుతోందని, పేషెంట్లు తననే పిలవమంటున్నారని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మొహంలో సంతోషమే ఉంది.

"ఇంకా అడుగుతున్నావా వాళ్ళని?" అన్నాను.

"నేదొదినా, మానేశాను. అడక్కపోతే పని బేగి అయిపోతంది."

నేను పప్పు వడ్డించాను. పాప తినకుండా మారాం చేస్తుంటే దాని నోట్లో ముద్ద పెట్టి, "ఎండలు ముదిరాయి. దీనికి నీళ్ళు బాగా తాగించొదినా" అంది నాతో.

ఏ నీళ్ళు అని అడగబోయి ఊరుకున్నాను. ఆ మాట అడగాల్సిన మనిషి తలొంచుకుని అన్నం కలుపుకుంటోంది.