మా ఇంట్లో ఫ్రెంచ్ అండ్ ఇండియన్ వార్

మొన్న ఆదివారం ఆష్‌బర్న్‌లో మా తెలుగు చర్చి అయ్యాక, భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన ఒకావిడ "మాది బొబ్బిలి సైడ్ అండీ" అంది. నా చేతిలో పప్పు గరిటె అలాగే ఆగిపోయింది. "ఫ్రెంచివాళ్లు కూల్చిన కోట మీ ఊళ్లోదే కదమ్మా" అన్నాను. ఏ వీసా గురించో అడుగుతాననుకుంది కాబోలు, పాపం, వింతగా చూసింది. ఆ ఊరి పేరు వింటే నేను ఇప్పటికీ ఊరుకోలేను. అందులో బొబ్బిలి తప్పేమీ లేదు. తప్పంతా వర్జీనియాలో నేను వెలగబెట్టిన ఐదో తరగతిది.

మా అమ్మది బొబ్బిలి, నాన్నది విజయనగరం. ఈ సంబంధం ఎవరు కుదిర్చారో గానీ, పెళ్లి చేసిన పాస్టరుగారికి చరిత్ర రాదని మాత్రం ఒట్టేసి చెప్పగలను. కూరలో ఉప్పెక్కువైనా సరే, మా ఇంట్లో తగువు చివరికి ఆ కోట దగ్గరికే చేరేది. "మీ రాజుగారు ఫ్రెంచివాళ్లని పిల్చుకొచ్చి మా కోట కూల్చేరు. మీకేటి చెప్తాం!" అనేది అమ్మ. "ముందు నీళ్లకాడ తగువెట్టిందెవరేటి?" అనేవారు నాన్న. డెబ్బైల చివర్లో నన్ను తీసుకుని అమెరికా వస్తూ కారప్పొడితోపాటు ఆ తగువునీ మూటగట్టుకొచ్చారు.

నాకేమో బళ్లో నోరు పెగిలేది కాదు. ఇంగ్లీషు అర్థమయ్యేది, కానీ నా యాసకి పిల్లలు నవ్వుతారని బిక్కచచ్చి కూర్చునేదాన్ని. ఈ పిల్లకి ఏమీ అర్థం కావట్లేదు, ఐదు మళ్లీ చదవాల్సిందే అన్నారు టీచరు. ఆఖరి అవకాశంగా, క్లాసు ముందు నిలబడి ఫ్రెంచ్ అండ్ ఇండియన్ వార్ ఎందుకు మొదలైందో చెప్పమన్నారు. ఇంట్లో చెప్పగానే అమ్మానాన్నల మొహాలు వెలిగిపోయాయి. ఫ్రెంచివాళ్లూ, ఇండియన్లూ! ఇంకేం, మన యుద్ధమే! పాఠం తెరిచి చూద్దామన్న ఇంగితం ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది. ఎవరి పక్షాన చెప్పాలా అని వాళ్లిద్దరూ సాయంత్రమంతా వాదించుకున్నారు. అమ్మ గెలిచింది.

మర్నాడు నేను చెప్పాను. విజయనగరం రాజు, బొబ్బిలి కోట, ఫిరంగులు. పుట్టి బుద్ధెరిగాక అంత ఇంగ్లీషు ఆగకుండా మాట్లాడటం అదే మొదలు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఇక్కడ ఇండియన్లంటే ఈ నేల మీది తెగలవాళ్లనీ, ఓహియో లోయ నాదంటే నాదని ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఇక్కడి అడవుల్లో మొదలెట్టిన యుద్ధమనీ అప్పుడు టీచరు చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాన్నని పిలిపించారు. ఆయన వెళ్లేముందు లైబ్రరీలో చాలాసేపు కూర్చుని వచ్చారు. "రాంగ్ ఇండియన్స్, సర్" అని టీచరు నవ్వి, నన్ను అదే క్లాసులో ఉంచేస్తున్నామన్నారు. నాన్న "బట్, మేడమ్..." అని ఆగారు. తర్వాత తలవంచుకుని "ఓకే మేడమ్, థాంక్యూ" అన్నారు. ఉప్పు దగ్గర కూడా అమ్మకి ఒక్కమాట తగ్గని మనిషి! నాకు ఒళ్లు మండిపోయింది. చాలా రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

హైస్కూల్లో ఉండగా ఒక పాఠంలో చూశాను. ఓహియో కోసం కొట్టుకున్న ఆ రెండు రాజ్యాలే అదే రోజుల్లో మన తీరంలోనూ కొట్టుకున్నాయట. బొబ్బిలి కూడా ఆ పెద్ద తగువులో ఒక కొస. పరుగున ఇంటికొచ్చి, మనం చెప్పింది ఉత్త తప్పేమీ కాదని అరిచాను.

"తెలుసమ్మా" అన్నారు నాన్న. "ఆ రోజు లైబ్రరీలో చదివే వచ్చేను."

"మరి చెప్పలేదేం?"

"గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు కదమ్మా. స్కూల్లో గొడవెట్టుకుంటే ఏటవుద్దోనని భయమేసింది."

వంటింట్లోంచి అమ్మ వింటూనే ఉంది. ఆ పూట విజయనగరాన్ని ఒక్క మాటా అనలేదు. నేను పోగొట్టుకున్న ఆ ఏడాది మిగతా ఏళ్లలో ఎప్పుడో కలిసిపోయింది. నాన్న "బట్" అని ఆగిన ఆ కాసేపు మాత్రం నాకింకా గడవలేదు.