మూడో చుక్క

ద్రాక్షారామంలో మా వీధిలో యూదు ఇల్లు ఎజ్రా మాస్టారిదొక్కటే. పొలుసు లేని చేప తినకూడదని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ప్రతి చేపనూ తిరగేసి చూసిగానీ కొనరు. శుక్రవారం పొద్దువాలింది మొదలు శనివారం ఆకాశంలో మూడు చుక్కలు కనబడేదాకా విశ్రాంతిదినం. స్విచ్చి ముట్టరు, వెయ్యమని ఎవరినీ అడగరు. "ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరిక్కావాలి నాన్నా" అంటూ కొడుకు శనివారాలు కూడా మొబైల్ షాపు తెరుస్తాడు. మాస్టారు మాత్రం శుక్రవారమే ఫ్యాను వేసి ఉంచుకుంటారు. మొన్న మండువేసవిలో ఆ సంగతి మరిచిపోయారు.

మర్నాడు చేపలమ్మే సత్యకుమారి వచ్చేసరికి ఆయన బనీను తడిసి ముద్దయింది. అడగకూడదు కనక, "మహా ఉక్కగా ఉందమ్మా" అన్నారు. మజ్జిగ తెచ్చింది. "గాలే లేదు" అన్నారు ఫ్యాను వంక చూస్తూ. విసనకర్ర తెచ్చింది. ఎదురింటి అచ్చిబాబు జాలిపడి స్విచ్చి మీద చెయ్యి వెయ్యబోతే గదిమింది. "ఆగండి బాబూ. ఇన్నేళ్ళ నియమం, నేనుండగా చెడనిస్తానేంటి?" మాస్టారు గట్టిగా కళ్ళు మూసుకున్నారు. ఆవిడ స్విచ్చి కిందే పీట వేసుకుని విసురుతూ కూర్చుంది. సందెవేళ మాస్టారు వాకిట్లోకి వెళ్ళి మెడ రిక్కించి, "ఒకటి, రెండు, అదిగో మూడు" అంటూ గబగబా లోపలికొచ్చారు. సత్యకుమారి గుమ్మంలోకెళ్ళి చూసొచ్చింది.

"అది సెల్ టవర్ లైటండి మాస్టారూ. కూర్చోండి."