మంచు రాని నేల కింద ఖాళీ

మా ఇంట్లో గొడవకు కారణాలు ఎప్పుడూ కరువు కాలేదు. ఆ పొద్దున్న కారణం ఏసీ.

దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటాల్లో ఒకటి మాది. ఏసీని నేను తగ్గించాను, మా ఆయన పెంచారు, నేను మళ్ళీ తగ్గించాను.

"నీది మంచు యుగం చదువు కదా, అందుకే ఇల్లంతా ఐసుగడ్డ చేస్తావు," అన్నారు ఇడ్లీ తుంచుతూ.

ఆయన క్రేన్ ఆపరేటర్. నేను జియాలజీ ఎమ్మెస్సీ. నేల పరీక్షలు చేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. డ్రిల్లింగ్ వాళ్ళు భూమిలోంచి తీసిన రాతి కడ్డీలను చూసి ఏ లోతులో ఏముందో తేల్చడం నా పని. నా చదువునంటే ఊరుకుంటానా? ఉత్తరాన నీళ్ళన్నీ మంచుగా గడ్డకట్టుకుపోయిన కాలంలో ఈ గల్ఫు సముద్రమే వెనక్కి వెళ్ళిపోయిందనీ, ఇవాళ పడవలు తిరిగే చోట అప్పుడు మనుషులు నడవగల పొడినేల ఉండేదనీ, ఆయన చట్నీ కోసం చెయ్యి చాచినప్పుడల్లా గిన్నె వెనక్కి లాగుతూ మరీ చెప్పాను.

"సరేనమ్మా. ఆ సముద్రం తిరిగొచ్చేలోపు నేను డ్యూటీకి పోవాలి. బిర్కత్ అల్ అవామిర్‌లో మీవాళ్ళు బోరు వేసిన గోడౌన్ సైటులోనే ఇవాళ నా క్రేన్. ఈశాన్యం మూలన నిలబెడుతున్నారు. ఆ మూల బరువు పెట్టకూడదంటుంది వాస్తు. నీ సైన్సు ఏమంటుంది?"

"మేమింకా రిపోర్టే ఇవ్వలేదు. అప్పుడే క్రేన్ ఎలా నిలబెడతారు?"

"నీ రిపోర్టు కోసం ఆగితే గోడౌన్ మళ్ళీ మంచు యుగానికి పూర్తవుతుంది."

నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. ఆయన అప్పటికే తలుపు వేసేసుకుని వెళ్ళిపోయారు.

మా ల్యాబ్ షెడ్డు కూడా బిర్కత్‌లోనే, ఆ సైటుకు కాస్త దూరంలో. నేను వెళ్ళేసరికి డ్రిల్లర్ పికప్‌లోంచి చెక్కపెట్టెలు దించుతున్నాడు. నిజామాబాద్ వైపు మనిషి. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. పెట్టెల్లో రాతి కడ్డీలు లోతు వరసన పేర్చి ఉంటాయి. ఎక్కడైనా రాయి పైకి రాకపోతే, ఆ మేర పొడవున్న చెక్కముక్కను ఆ చోట పెట్టాలి. అది మా పనిలో పద్ధతి.

ఒక కడ్డీ దగ్గర నా చెయ్యి ఆగింది. సున్నంలాంటి తెల్లటి రాయిలో పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఒక బీట. దాన్నిండా పసుప్పచ్చ ఇసుక. నాకు కాలేజీ రోజులు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మాకొక ఫొటో చూపించారు. ఒకప్పుడు ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉన్న నేల అది. ఘోరమైన చలికి నేల బీటలు వారుతుంది, నీళ్ళు బీటలోకి దిగి మంచు మేకులా బిగుసుకుంటాయి, ఏటేటా ఆ మేకు లావెక్కుతుంది. ఎన్నో వేల ఏళ్ళకు చలి తగ్గి మంచు కరిగిపోతే, ఆ ఖాళీలోకి ఇసుక దిగి అదే ఆకారంలో నిలిచిపోతుంది. మంచు పోయినా దాని అచ్చు మిగులుతుంది.

"ఇదిగో చూడు," అన్నాను డ్రిల్లర్‌తో. "చలిదేశంలో అయితే ఇది మంచు చేసిన పని అనుకునేవాళ్ళం."

"ఖతర్ల మంచా మేడం? మా ఇంట్ల చెప్తే, దుబాయ్ ఎండ నెత్తికెక్కిందంటరు."

"ఇక్కడ మంచు కాదయ్యా, నీళ్ళు. ఈ ఎడారిలోనూ వానలు బాగా పడిన కాలాలున్నాయి. ఆ నీళ్ళే రాయిని కరిగించుకుంటూ కిందికి..."

కిందికి ఎక్కడికి?

ఆ కడ్డీని చేతిలోకి తీసుకున్నాను. దాని అడుగుకొస విరిగిన రాయిలా లేదు. చప్పరించిన బిళ్ళలా నున్నగా అరిగిపోయి, గోధుమరంగు బురద అంటుకుని ఉంది. దాని పక్కనున్న ముక్క కొస మీద చిన్న చిన్న స్ఫటికాలు. రెంటినీ కలిపి చూశాను. కలవలేదు. పెట్టెలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయిగానీ భూమిలో అవి ఎన్నడూ తాకలేదు.

"ఇక్కడ చెక్క ఏది?"

"చెక్క వెడితే బాక్స్ ఖాళీ కనవడ్తది మేడం. మొన్న సూపర్‌వైజర్ గుస్సా అయిండు, సగం రాయి ఏడ వోయింది, కామ్ చోర్ అన్నడు. గందుకే దగ్గరికి జరిపిన."

"డ్రిల్లు రాడ్ జారిందా?"

"దబ్బున జారింది. బోర్ల వోసిన నీళ్ళు గూడ మొత్తం గుంజుకపోయింది, పైకి చుక్క రాలే."

"ఎంత జారింది?"

అతను నేల మీంచి చెయ్యి లేపి ఛాతీ దగ్గర ఆపాడు.

"ఏ బోరు?"

"క్రేన్ కోసమని మట్టి దిమ్మిస కొట్టిన్రు సూడు, గా కోన."

ఈశాన్యం మూల. దాని కింద ఛాతీ ఎత్తు ఖాళీ, అదీ పెద్ద లోతులో కాదు. మా ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. క్యాబిన్‌లో ఉన్నప్పుడు ఎత్తరు, అది రూలు. సైటు ఇంజనీరుకు చేసి, ఆ మూల నుంచి క్రేన్ తీయించమన్నాను.

"మళ్ళీ మొదలుపెట్టారా మేడం? పోయినసారి ఇసుక మంచిది కాదన్నారు, అంతకుముందు నీళ్ళు మంచివి కాదన్నారు," అని నవ్వాడు. "మెయిల్ పెట్టండి, చూస్తాం."

ఫోన్ పెట్టేశాడు. డ్రిల్లర్‌ను పికప్ తియ్యమన్నాను.

పికప్‌లో ఇద్దరం సైటుకు బయల్దేరాం. రోడ్డు మీంచి గోడౌన్ల కప్పులపైన క్రేన్ పసుప్పచ్చ చెయ్యి కనిపిస్తోంది. అది కనిపిస్తున్నంతసేపూ ఆయన ఉన్నట్టే. కళ్ళార్పకుండా దాన్నే చూశాను. మధ్యలో ఒక ట్రెయిలర్ అడ్డొచ్చింది. అది కదలదు, పక్కకు తప్పుకోదు. అది దాటాక పసుప్పచ్చ చెయ్యి అక్కడే ఉంది, కానీ ఇందాకటిలా నిటారుగా లేదు. ఒరిగిందా, లేక ఆయనే వంచారా? నాకు తెలియలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ, "హెల్మెట్ మాఫీ, ఎంట్రీ మాఫీ," అన్నాడు. ఇక్కడ మాఫీ అంటే లేదు అని. డ్రిల్లర్ తన హెల్మెట్ తీసి నా నెత్తిన పెట్టాడు. మామూలుగా అయితే ఆ గేటు దగ్గరే యుద్ధమయ్యేది. వాదించకుండా లోపలికి నడిచాను.

క్రేన్ ఆ మూలనే ఉంది. కొక్కేనికి ఇనప దూలాల కట్ట వేలాడుతోంది, నేలకు ఇంకా కాస్త ఎత్తులోనే. సిగ్నల్ ఇచ్చే మనిషి చేతిలోంచి వాకీటాకీ తీసుకున్నాను. గట్టిగా అరిస్తే ఆయన ఉలిక్కిపడి కట్టను ఊపుతారేమోనని గొంతు తగ్గించాను.

"ఏమండీ. ఆ బరువు ఎక్కడ లేపారో అక్కడే దించండి. తర్వాత మెల్లగా వెనక్కి రండి. మీ కింద నేల బోలుగా ఉంది."

కట్ట కిందికి దిగింది. ఆ తర్వాత క్రేన్ చక్రాల చుట్టూ ఉండే ఇనప పట్టాలు కిర్రుమంటూ వెనక్కి తిరగసాగాయి. ఒక్కో పట్టా నేలను వదిలి లేచినప్పుడు దాని కిందున్న మట్టినే చూస్తూ నిలబడ్డాను.

ఇంజనీరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డ్రిల్లర్ రిగ్గు తెచ్చి, క్రేన్ ఇందాక నిలబడిన చోట మళ్ళీ బోరు వేశాడు. కాసేపు రాయి కోస్తున్న మోత. ఉన్నట్టుండి మోత ఆగింది, రాడ్ దబ్బున కిందికి పోయింది. దించిన నీళ్ళు తిరిగి రాలేదు.

"యల్లా, అందరూ బయటికి," అన్నాడు ఇంజనీరు. అతని గొంతు సన్నబడింది. నా దగ్గర అతని కోసం చాలా మాటలున్నాయి. అవన్నీ మెయిల్ కోసం దాచుకున్నాను.

మధ్యాహ్నం పికప్ నీడలో కూర్చుని ఆయన క్యారియర్‌లోని పులిహోర ఇద్దరం తిన్నాం.

"ఎందుకు, ఏమిటి అని అడక్కుండా ఎలా దించేశారు?"

"ఇన్నేళ్ళలో నువ్వు నాతో ఒక్క మాటైనా నెమ్మదిగా చెప్పావా? వాకీటాకీలో ఆ గొంతు వినేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి."

డ్రిల్లర్ ఒక చెక్కబద్ద పట్టుకొచ్చాడు. అది అతని ఛాతీదాకా ఉంది.

"ఇంత గావాలె మేడం. కానీ బాక్స్ల పడ్తలేదు."

"రెండు ముక్కలు కొయ్యి. సగం ఈ పెట్టెలో, సగం తర్వాతి దాంట్లో."

అతను అక్కడే రంపం తీశాడు. మా ఆయన ఆ బద్ద పొడవు చూశారు. పక్కనున్న తన బూట్లు చూసుకున్నారు. తింటున్న ముద్ద కిందపెట్టి, "ఇంటికెళ్ళాక ఏసీ నీ ఇష్టం," అన్నారు.

"వద్దులెండి. మీ ఇష్టం."

ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు. "అమ్మో. ఇంకా భయం పోలేదా నీకు?"

పోలేదు. లేచేటప్పుడు కూడా ముందు ఒక్క పాదమే ఆనించి, నేల ఏమంటుందోనని కాసేపు ఆగాను.