పరగడుపున లడ్డు

మా ఆయన ఉద్యోగం కుప్పంలో, నాది మదనపల్లెలో. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని పుంగనూరులో ఇల్లు తీసుకున్నాం. తీరా చూస్తే మధ్యలో ఉన్నది ఇల్లొక్కటే. నేను రాత్రి డ్యూటీ దిగి బస్సులో వచ్చేసరికి ఆయన తాళం వేసి పోయి ఉంటాడు. మూతపెట్టిన సంగటి ముద్ద చల్లారి గట్టిపడి ఉంటుంది. దాన్ని టిఫిననాలో, రాత్రి భోజనమనాలో తెలియక నిలబడే తినేస్తాను.

కాన్పుల వార్డులో నర్సును నేను. షుగరున్న గర్భిణులకు "వేళకు తినాలమ్మా, వేళకు పడుకోవాల" అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. చెప్పేవి శ్రీరంగనీతులు! పోయిన ఏడాది ఆ షుగరు జబ్బు నాకే వచ్చింది. డాక్టరమ్మ నా మాటలే నాకు అప్పజెప్పింది. నాకు వేళంటూ ఏదమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. డ్యూటీలు వేసేది ఆమె కాదు కదా. మొన్న చూపించుకోను పోతే, "ఈసారి టెస్టులో కూడా తగ్గకపోతే ఇన్సులిన్ సూదే" అంది. రోజూ అందరికీ సూదులు వేసే నా చేతులకే చెమట పట్టింది.

మా వార్డులో బిడ్డ పుడితే మా నోరు తీపి చేయకుండా ఎవరూ ఇంటికి పోరు. వద్దంటే వాళ్ల ముఖాలు మాడిపోతాయి. అందుకని జబ్బు వచ్చినప్పటి నుంచి లడ్డు తీసుకుని జేబులో వేసుకోవడం నేర్చుకున్నాను. ఇంట్లో దానికి చీమలు పట్టాక పారేస్తాను.

టెస్టు రోజు పరగడుపున ఉన్నాను. డ్యూటీ దిగి ల్యాబుకు పోవాలి. తెల్లారేటప్పుడు వాల్మీకిపురం అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల అవ్వ లడ్డు తెచ్చి ఇచ్చింది. అలవాటుగా జేబులో వేసుకోబోయాను.

"యాలమ్మా జోబిలో ఏసుకుంటాండావు? ఆడబిడ్డ పుట్టినాదనా?"

"అయ్యో, కాదవ్వా. ఇంటికి పోయి తింటా."

"ఇంట్లో ఎవురుండారు?"

ఆమె నా చేతిలోంచి లడ్డు మళ్లీ తీసుకుంది.

"రేయంతా నిలబడే ఉండావు. ఏమన్నా తిన్నావా తల్లీ?" అంటూ లడ్డు చిదిపి నా నోటి దగ్గర పెట్టింది.

ల్యాబు గుర్తుంది, సూదీ గుర్తుంది. అయినా నోరు తెరిచాను. మిగిలిన సగం కూడా ఆమె చేతినుంచే తిన్నాను. ఏడుపొచ్చింది.

ల్యాబు ముందునుంచే బస్టాండుకు నడిచాను. టెస్టు రేపైనా చేయించుకోవచ్చు. ఏమన్నా తిన్నావా అని రేపు ఎవరు అడుగుతారు?